పిట్టలు ఒడ్డెక్కే వేళ

ఆదివారం, మధ్యాహ్నం

ప్రియమైన చెల్లీ,

క్షేమంగా చేరాను. నువ్వు బలవంతాన సంచిలో కుక్కిన ఉన్ని మేజోళ్ళు రెండు జతలూ ఒకదాని మీద ఒకటి తొడుక్కుని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇక్కడి చలి ఎముకలతో మాట్లాడుతుంది. నిన్ను తిట్టుకుంటూ మోసుకొచ్చాను గానీ, ఇప్పుడు దీవిస్తున్నాను.

పిచ్చుక స్టేషనుకే వచ్చింది. అదే మనిషి, అదే నవ్వు. హాస్టల్లో ఆ పేరు పెట్టింది నేనే అయినా, దాని అసలు పేరు మొగుడు కూడా మర్చిపోయాడట. సైన్సు టీచరుగా రిటైరయ్యాక పిల్లలకు బదులు పక్షుల హాజరు వేస్తున్నానంటుంది. మొగుడు పడవలు బాగుచేసే మేస్త్రి. పెళ్ళిలో చూశాక మళ్ళీ ఇదే చూడడం. పొడుగాటి మనిషి, మాట పొదుపు. "రండి చెల్లెమ్మా" అన్నాడు, సంచి అందుకున్నాడు. అంతే, ఇంటి దాకా ఇంకో మాట లేదు.

ఇల్లు రోడ్డు చివర. దాని వెనక ఇక ఊరు లేదు. ఆటు సమయంలో సముద్రం రెండు మైళ్ళు వెనక్కి పోతుంది, కనుచూపు మేర బురద. పోటు సమయంలో పెరటి గోడ దాకా నీళ్ళు. రొట్టెల వ్యాను వారానికి రెండుసార్లు వస్తుంది, ఉత్తరాలు తెచ్చేదీ తీసుకుపోయేదీ అదే. ఫోను ఊళ్ళో పోస్టాఫీసులో ఒక్కటే. మొన్నటి గాలివానకు తీగ తెగి పడిందట, ఎప్పుడు అతుకుతారో వాళ్ళకే తెలియదు.

ఇవాళ పొద్దున పక్షుల కోసం వెళ్ళాం. చెల్లీ, ఎలా చెప్పను! బురద మీద బురద రంగులోనే వేల ఉల్లంకి పిట్టలు, తడి నేలలో మేసే పొడుగు కాళ్ళవి. కదిలితే తప్ప ఉన్నట్టు తెలియదు. ఒకటి లేస్తే అన్నీ లేచాయి, ఆకాశం మీద ఎవరో దుప్పటి దులిపినట్టు. నేను బైనాక్యులర్స్ ఎటు తిప్పాలో తేల్చుకునేలోపు పిచ్చుక కళ్ళు మూసుకుని, కూత విని, ఏది ఏ పిట్టో చెప్పేసింది. "అదిగో వంపు ముక్కుది. అది ఏడుస్తున్నట్టే కూస్తుంది గానీ ఏడుపు కాదు, తిండి దొరికిందని చెప్పడం."

అంతా బాగుంది. ఒక్కటే నచ్చలేదు. వెళ్ళినంతసేపూ మేస్త్రి దాని మోచెయ్యి పట్టుకునే ఉన్నాడు. ఒక్క అడుగు పక్కకు వేసినా లాగి దగ్గరికి తెచ్చుకున్నాడు. రైల్లో కిటికీ పక్క సీటు దొరికిందా అని అది నన్ను అడిగింది. చెప్పాను. మళ్ళీ అడిగింది, మళ్ళీ చెప్పాను. మూడోసారి అడగబోతుంటే, "దొరికిందట. పద" అని ఆయనే కోసేశాడు. అది గువ్వలా ముడుచుకుపోయింది.

ఇంటికొచ్చాక ఆయన గేటుకి తాళం వేశాడు. లోపలి వైపు నుంచి. పట్టపగలు. "గాలికి తెరుచుకుంటుంది" అన్నాడు, నేను అడక్కుండానే. గాలికైతే గొళ్ళెం చాలు కదా?

బైండింగు గదిలో నా జిగురు గిన్నె ఎవరూ ముట్టకుండా చూడమని లైబ్రేరియన్ గారికి చెప్పు. సెలవు మూడు వారాలే గానీ ఆయన చేతికి మూడు రోజులు చాలు.

నీ అక్క


బుధవారం, షాపు నుంచి

మా మంచి అక్కకి,

నీ ఉత్తరం కౌంటరు మీదే చదివాను. దగ్గు మందు కోసం వచ్చినాయన నేను చదివేదాకా దగ్గుతూ నిలబడ్డాడు, పాపం.

ముందు ఒక మాట. లైబ్రేరియన్ గారు జిగురు దొంగిలిస్తున్నాడని నెల రోజులు కాపు కాసింది నువ్వే. చివరికి ఎలుకలని తేలింది. కాబట్టి నీ అనుమానాలకి నేను సగం తగ్గించి వింటాను.

కానీ మిగిలిన సగం నాకు నచ్చలేదక్కా. నా షాపుకి ఒకావిడ వచ్చేది. ఏం నొప్పమ్మా అని ఆవిణ్ణి అడిగితే జవాబు మొగుడు చెప్పేవాడు. ఆవిడ వాడి నోటి వంక చూసేది, తన నొప్పేమిటో వాడు చెబితే తెలుసుకుందామన్నట్టు. ఏడాది తర్వాత గానీ అసలు సంగతి బయటపడలేదు. అప్పటికి ఆవిడ చెయ్యి రెండుసార్లు విరిగి ఉంది. నేను కట్లు అమ్మాను. అడగలేదు. అది ఇప్పటికీ నా గొంతులో ముల్లే.

పిచ్చుక నిన్ను పిలుస్తూ రాసిన ఉత్తరం నాకు చూపించావు కదా, "ఈ చలికాలమే రా, వచ్చే ఏటికి వాయిదా వెయ్యకు" అని. అప్పుడు ప్రేమ అనుకున్నాం. ఇప్పుడు చదివితే వేరేగా వినబడుతోంది.

కాస్త కనిపెట్టి ఉండు. దాన్ని ఒంటరిగా ఉన్నప్పుడు అడుగు. ఆయన ముందు మాత్రం ఏమీ తెలియనట్టు ఉండు, నీ మొహం అద్దం లాంటిది, లోపలున్నదంతా బయటికే. ఇంట్లో ఏ మందైనా కనబడితే రేకు పంపు. మందుల సంగతి నాకు వదిలెయ్.

నీ మరిదికి జలుబు. లోకం మునిగినట్టు పడుకున్నాడు.

భయపడకు అని రాద్దామనుకున్నాను. రాయలేకపోతున్నాను.

నీ చెల్లి


శనివారం, ఉదయం

ప్రియమైన చెల్లీ,

నువ్వు సగం తగ్గించి వింటావని తెలిసి, ఇవన్నీ కళ్ళారా చూసినవే రాస్తున్నాను. ఒక్క ముక్క కలపలేదు.

నిన్న ఆయన షెడ్డులో పడవకి తారు పూస్తుంటే, అగ్గిపెట్టె కోసం వంటింటి సొరుగు లాగాను. లోపల ఒక నోటుబుక్కు. లెక్కల పుస్తకం అనుకుని తెరిచాను. ఆయన చేతిరాత. పేజీ పేజీకీ ఇలా: "ఆరు పది, లేచింది. ఏడు, గేటు దాకా వెళ్ళింది, ఆపాను. ఏడున్నర, మళ్ళీ వెళ్ళింది. ఎనిమిది, అరిచింది. తొమ్మిది, ఏడ్చింది. తర్వాత సర్దుకుంది." నెలల తరబడి ఇదే. నేను వచ్చిన రోజు కూడా ఉంది: "స్నేహితురాలు వచ్చింది. ఆమెకి ఏమీ తెలియదు. తెలియనివ్వకూడదు."

సొరుగు మూశానా లేదా అని తర్వాత రెండుసార్లు వెళ్ళి చూసుకున్నాను.

సాయంత్రం టీలప్పుడు కనిపెట్టాను. ఆయన మాకు వీపు తిప్పి నిలబడి, రెండు చెంచాల మధ్య ఒక మాత్ర నలిపి, పిచ్చుక పాలలో కలిపాడు. అది గటగటా తాగేసింది. నా టీలో ఏముందో అని నేను తాగలేకపోయాను, పూలకుండీలో పోశాను. చెత్తబుట్టలో దొరికిన రేకు దీంతో పెడుతున్నాను. పేరు సగమే ఉంది, నువ్వు పోల్చగలవేమో.

ఇక దాని మాట విను. ఇవాళ పెరట్లో బట్టలు ఆరేస్తుంటే ఆయన కనబడకుండా దుప్పటి చాటుకి లాగి చెప్పింది. "నా వస్తువులన్నీ దాచేస్తున్నాడే. పర్సు, కళ్ళజోడు, బడి తాళాలు. అడిగితే నేనే పోగొట్టానంటాడు. నన్ను ఒక్కదాన్నీ పిట్టల దగ్గరికి పోనివ్వడు. పాతికేళ్ళుగా నడిచిన నేల అది!" దాని వేళ్ళు నా మణికట్టులోకి దిగబడ్డాయి. "నన్ను ఇక్కణ్ణుంచి తీసుకెళ్ళిపోవే. మా అమ్మ దగ్గర దింపెయ్."

వాళ్ళమ్మ పోయి పన్నెండేళ్ళు. అంతగా బెదిరిపోయిన మనిషి ఏం మాట్లాడుతుందో దానికే తెలియడం లేదు. ఒక మనిషిని భయం ఇంతగా నమిలేస్తుందా?

హాస్టల్లో నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు పద్దెనిమిది రోజులు నా మంచం పక్కన నేల మీద పడుకున్నది ఇదే. ఇప్పుడు అడుగుతోంది. ఏం చెయ్యమంటావు?

నీ అక్క


మంగళవారం, సాయంత్రం

ప్రియమైన చెల్లీ,

నీ జవాబు రాలేదు. వ్యాను ఇవాళ వచ్చింది, రొట్టెలే దించాడు. ఫోను తీగ ఇంకా నేల మీదే ఉంది. ఈ ముక్క అతని చేతిలోనే పెడుతున్నాను.

రేపు పొద్దున బయల్దేరుతున్నాం, నేనూ పిచ్చుకా. రోడ్డు మీద పోతే షెడ్డు, దాని పక్కనున్న స్నానాల గది ముందు నుంచే పోవాలి. అందుకని బురద నేల మీదుగా. ఆటు ఉన్నప్పుడు నడిస్తే అవతలి ఊరు నలభై నిమిషాలేనట, ఎనిమిదింటికి అక్కణ్ణుంచి బస్సు. పిచ్చుక తన జేబులోంచి ఆటుపోట్ల వేళల పుస్తకం తీసి రేపటి తేదీ చూపించింది: ఉదయం ఏడింటికి పూర్తిగా ఆటు. ఆ దారి గురించి చెబుతుంటే ఎంత ధైర్యంగా ఉందో! ఏ పాయ ఎక్కడ దాటాలో, ఏ రాయి మీద కాలు పెట్టాలో, అన్నీ నోటికి వచ్చు. ఈ పదిరోజుల్లో దాని గొంతు వణకకపోవడం ఇదే మొదటిసారి.

ఆయన పొద్దున్నే స్నానానికి వెళ్ళేటప్పుడు గేటు తాళంచెవి మేకుకి తగిలిస్తాడు. నేను తీస్తాను. యాభై ఎనిమిదేళ్ళ వయసులో దొంగనవుతున్నాను.

నాకు చాలా భయంగా ఉంది. కానీ నువ్వు ఆ కట్ల ఆవిడ గురించి రాసింది మర్చిపోలేకపోతున్నాను.

నీ అక్క


మంగళవారం, మధ్యాహ్నం

అక్కా,

పలకరింపులకి టైము లేదు. ఈ ఉత్తరం తపాలాలో వెయ్యట్లేదు, మీవైపు పోయే బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. అవతలి ఊళ్ళో దిగి రొట్టెల వ్యాను వాడికి ఇస్తానని మాటిచ్చాడు. ఎలా చూసినా రేపటికి గానీ నీకు చేరదు.

నీ రేకు ఇప్పుడే అందింది. సగం పేరు చాలు, నేను రోజూ అమ్మే మాత్రే. అది మత్తుమందు కాదు, విషమూ కాదు. మతిమరుపు జబ్బుకి ఇచ్చేది. ముసలితనపు మరపు కాదక్కా, మనిషిని చివరి నుంచి మొదటిదాకా మెల్లగా తుడిచేసే జబ్బు. చేదుగా ఉంటుందని, మింగనని మొండికేస్తారని, ఇంట్లోవాళ్ళు నలిపి పాలలో కలుపుతారు. అలా చెయ్యొచ్చా అని నా కౌంటరు దగ్గరే ఎంతమంది అడుగుతారో!

ఇప్పుడు నువ్వు రాసినవన్నీ మళ్ళీ గుర్తు చేసుకో. సీటు దొరికిందా అని మూడుసార్లు అడగడం. పోయిన వస్తువులు. బడి తాళాలు, రిటైరైన మనిషికి బడి తాళాలేమిటి? వాళ్ళమ్మ. గేటుకి లోపలి తాళం. టైము వేసి రాసిన పుస్తకం, అది డాక్టర్లు రాయమంటారు. అంతా నా కళ్ళ ముందే ఉంది, నేను చూడలేదు. పైగా కట్ల ఆవిడ కథ చెప్పి నిప్పులో నెయ్యి పోశాను.

అక్కా, విను. అది ఏమడిగినా సరే, దానితో ఒంటరిగా గేటు దాటకు. ముఖ్యంగా ఆ బురదలోకి. అలాంటివాళ్ళకి పాతవన్నీ గుర్తుంటాయి, చాలా ధైర్యంగా చెబుతారు, మనం నమ్మేస్తాం. ఈ రోజు ఏ రోజో మాత్రం వాళ్ళకి తెలియదు.

పోస్టాఫీసుకి పదిసార్లు ఫోను చేశాను. ఒక్క మోత కూడా లేదు.

నీ మరిది జలుబు మానేసి నా పక్కన కూర్చున్నాడు. అందగానే రెండు ముక్కలు రాయి. ఒక్క ముక్కైనా చాలు.

నీ చెల్లి


శుక్రవారం

ప్రియమైన చెల్లీ,

బతికే ఉన్నాం. ఇద్దరం. ముందు ఆ ముక్క చదువుకుని ఊపిరి తీసుకో, తర్వాత మిగతాది.

వ్యాను వచ్చే రోజు కాకపోయినా రొట్టెలతను పనిగట్టుకుని తెస్తే, నీ ఉత్తరం బుధవారం పది గంటలకి ఈ ఇంటికి వచ్చింది. మేం ఆరున్నరకే గేటు దాటాం.

మంచు కమ్మేసి ఉంది. పది అడుగుల అవతల ఏమీ లేదు. నేను ఆగుదామన్నాను. "మంచు ఏడున్నరకి విడిపోతుంది, నాకు తెలియదా?" అంది పిచ్చుక, ముందు నడిచింది. నిజంగానే పాయలు ఎక్కడ దాటాలో అక్కడే దాటించింది. నేల గట్టిగా ఉన్నచోట చెప్పింది, దిగబడేచోట చెప్పింది. పక్కన ఎక్కడో పిట్ట కూస్తే ఆగి పేరు చెప్పింది. ఒక అరగంట నేను పూర్తిగా ధైర్యంగా ఉన్నాను, చెల్లీ. దాన్ని కాపాడుతున్నానని గర్వంగా కూడా ఉన్నాను.

అప్పుడు నా బూటులోకి నీళ్ళొచ్చాయి.

బురద తడి అనుకున్నాను. వంగి చూస్తే నీళ్ళు కదులుతున్నాయి. ఒడ్డు నుంచి సముద్రంలోకి కాదు, సముద్రం నుంచి మా వైపు. చప్పుడు లేదు. అలలు లేవు. గుమ్మం కింద నుంచి వచ్చినట్టు వచ్చాయి. వెనక్కి తిరిగి చూస్తే, ఇందాక చీలమండ లోతులో దాటిన పాయ నిండిపోయింది. అది మా ముందు కాదు, మా వెనక నిండింది.

"పిచ్చుకా, పుస్తకం తియ్యి" అన్నాను. ఇచ్చింది. పేజీ సరైనదే, తేదీ సరైనదే. అట్ట తిప్పి చూశాను. ఆరేళ్ళ కిందటి పుస్తకం, వేళలేమో ఏటికేడు మారేవి. ముప్పై ఏళ్ళు పుస్తకాలు కుట్టినదాన్ని, అట్ట చూడకుండా లోపలి పేజీని నమ్మాను.

దాని భుజం పట్టుకున్నాను. అది నా వైపు తిరిగింది. నాకు ఇన్నేళ్ళలో నీళ్ళన్నా భయమే, చీకటన్నా భయమే, కానీ ఆ చూపు లాంటిది ఎన్నడూ చూడలేదు. అందులో నేను లేను.

"ఎవరు నువ్వు?" అంది. "నన్నెందుకు ఇక్కడికి తెచ్చావ్?"

నా పేరు చెప్పాను. హాస్టల్ పేరు చెప్పాను. టైఫాయిడ్ అన్నాను. అది ఒక్కో మాటకీ ఒక్కో అడుగు వెనక్కి వేసింది, లోతు వైపు. "ముట్టుకోకు! మావారేరి? మావారిని పిలవండి!" అని కేకలు పెట్టింది. ఎవరి నుంచి దాన్ని ఎత్తుకొచ్చానో ఆయన్నే పిలిచింది, చెల్లీ. నాకు అప్పుడు అర్థమైంది. నువ్వు రాసిందంతా నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాక, నీ ఉత్తరం లేకుండానే అర్థమైంది. అటు పోతే లోతు, ఇటు ఏముందో తెలియదు, మంచులో దిక్కులు కూడా లేవు. దాన్ని పట్టుకోబోతే ఇంకా వెనక్కి పోతుంది. పట్టుకోకపోతే నీళ్ళు పట్టుకుపోతాయి. ఇద్దరం చచ్చిపోతామని నేను మామూలుగా, టీ చల్లారిపోతుందని అనుకున్నంత మామూలుగా అనుకున్నాను.

అంతలో మంచులోంచి ఉల్లంకి పిట్టలు వచ్చాయి. వందలు. తలల మీదుగా, రెక్కల గాలి తగిలేంత కిందుగా, అన్నీ ఒకే వైపు. వాటి వెనక ఇంకో గుంపు, అదే వైపు.

పిచ్చుక కేకలు ఆపేసింది. మొహం ఎత్తి విన్నది. బడిలో గంట కొట్టగానే టీచరు మొహం మారుతుందే, అలా మారింది.

"పోటొచ్చింది" అంది. "వీటి మేత నేల మునిగింది. గులకరాళ్ళ దిబ్బకి పోతున్నాయి. ఏమ్మాయ్, వాటి వెనకే నడువు. మాట్లాడకు, వినపడవు."

నేనెవరో దానికి అప్పటికీ తెలియదు. అయినా చెయ్యి చాచింది, క్లాసు పిల్లని రోడ్డు దాటించినట్టు. పట్టుకున్నాను. గుంపు పోయాక ఆగేది, చెవి తిప్పేది, ఇంకో గుంపు రాగానే కదిలేది. నీళ్ళు నడుము దాకా వచ్చాయి. ఒకచోట నా కాలు దిగబడిపోతే బూటు వదిలేసి లాక్కున్నాను. నీ మేజోళ్ళు ఒక జత సముద్రానికి ఇచ్చాను. చివరికి కాళ్ళ కింద రాళ్ళు తగిలాయి. పాకుతూ ఎక్కాం.

దిబ్బ నిండా పిట్టలే. వేలు. ఒకదానికొకటి ఒరుసుకుని, అన్నీ గాలికి ఎదురుగా, ఒంటికాలి మీద. మేం ఎక్కితే కాస్త జరిగాయి, అంతే.

"ఇది మునగదా?" అని పళ్ళు కొట్టుకుంటూ అడిగాను.

"మునిగేదైతే ఇవెందుకొస్తాయి?" అంది.

మేస్త్రి పడవేసుకుని వచ్చాడు. తాళంచెవి మేకుకి లేకపోవడం చూసి మొదట ఊరంతా వెతికాడట. తర్వాత పోటు టైము చూసి, అది బతికుంటే దిబ్బ మీదే ఉంటుందనుకున్నాడట. మంచులో దాని పేరు పిలుస్తూ వచ్చాడు, అసలు పేరు. మర్చిపోలేదు. తన కోటు దానికి కప్పి, పడవలో ఉన్న తెరచాప గుడ్డ నాకు చుట్టాడు. నేను "అన్నయ్యగారూ" అని మొదలుపెట్టాను. "ముందు ఒళ్ళు వెచ్చబడనివ్వండి చెల్లెమ్మా" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

సాయంత్రం అది నిద్రపోయాక ఆ నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టాడు. "డాక్టరు రాయమన్నాడు. మీరు చూశారని తెలుసు, పుస్తకం తలకిందులుగా పెట్టి ఉంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఒట్టేయించుకుంది. వేసవిలో, ఇంకా కాస్త బాగున్నప్పుడు. మీకు ఉత్తరం రాసి, ‘అది వచ్చాక నన్ను మామూలుగా చూడాలి. రోగిలా చూస్తే నాకు స్నేహితురాలు వచ్చినట్టుండదు, నర్సు వచ్చినట్టుంటుంది’ అంది. ఒట్టు పెట్టించుకున్న సంగతి తనకిప్పుడు గుర్తులేదు. నాకుంది కదా, ఏం చెయ్యను?"

అప్పుడు ఏడ్చాడు. పెద్ద మనిషి, శబ్దం లేకుండా, టేబులు మీద గీతలు గీస్తూ. ఆ మనిషి ఇచ్చిన టీని నేను పూలకుండీలో పోశాను.

నిన్నంతా దానికి జ్వరం, నాకు దగ్గు. ఇవాళ పొద్దున వంటింట్లోకి పోబోతూ గుమ్మం దగ్గర ఆగిపోయాను. అది కిటికీ దగ్గర కూర్చుని ఉంది. తల తిప్పితే ఏ చూపు చూస్తుందోనని, నిజం చెబుతున్నాను, ఆ బురదలో కూడా నా గుండె ఇలా కొట్టుకోలేదు. వెనక్కి వెళ్ళిపోయి సంచి సర్దుకుందామని ఒక్క క్షణం అనిపించింది. అనిపించిందని నీకు మాత్రమే చెబుతున్నాను.

అది తల తిప్పింది. మర్యాదగా నవ్వింది, కొత్తవాళ్ళని చూసి నవ్వినట్టు.

"మీరు పిట్టల్ని చూడ్డానికొచ్చారా?" అంది.

అన్నయ్య పొయ్యి దగ్గర నిలబడి నా వైపు చూశాడు.

"అవునండీ" అన్నాను.

"నాకు ఈ నేలంతా తెలుసు. పాతికేళ్ళుగా నడుస్తున్నాను. రండి, చూపిస్తాను" అని లేచి, చెయ్యి చాచింది.

ఆయన ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకుని పెరటి గోడ దాకా తీసుకెళ్ళాం. గంటసేపు పేర్లు చెప్పింది. ఒక్కటీ తప్పలేదు. నేను కొత్తదాన్ని కాబట్టి నిదానంగా, ఒక్కోటీ రెండుసార్లు చెప్పింది.

నా సెలవు చలికాలం అయ్యేదాకా పొడిగించమని లైబ్రేరియన్ గారికి వేరే కాగితం రాశాను, ఇచ్చెయ్. జిగురు గిన్నె ఆయనే ఉంచుకోమను.

నీ అక్క